బూడిదరంగు ఫోల్డరు

ఆ సాఫ్ట్‌వేర్ ఆఫీసులో చిన్నా పెద్దా అందరికీ ఆయన బాబాయే. ప్రాజెక్టును ఆరు మాడ్యూళ్లుగా విడగొట్టి తలా ఒకటి అప్పగించింది కూడా ఆయనే. ఆ పొద్దున రిపోర్టుల మాడ్యూలు రాసే అమ్మాయి ఆయన కుర్చీ దగ్గరికొచ్చి, "బాబాయ్, నిన్న మీరు మార్చినదాంతో నాది బ్రేకయినట్టుంది," అంది మెల్లగా.

బాబాయ్‌కి ఒళ్లు మండింది. "నా సిస్టమ్‌లో అన్నీ శుభ్రంగా బిల్డవుతున్నాయమ్మా. నీ తప్పు తెచ్చి నా నెత్తిన రుద్దకు. కావాలంటే నువ్వే చూడు," అంటూ తన స్క్రీన్‌ను గోడమీది పెద్ద తెరకు కలిపాడు.

టీమంతా తలెత్తి చూసింది. ఎడమపక్క ఐదు ఫోల్డర్లు నిండురంగులో మెరుస్తున్నాయి. ఆరోది, రిపోర్టులది, వెలిసిపోయి బూడిదరంగులో ఉంది. దాని పక్కనే 'అన్‌లోడెడ్' అని ఉంది. ఆమె చేరిన కొత్తలో, తన సిస్టమ్ నత్తనడక నడుస్తోందని ఆయనే దాన్ని కోడు రాసే ఎడిటర్‌లోంచి తప్పించి, ఆ సంగతే మరిచిపోయాడు. అలా తప్పించిన మాడ్యూలు, కోడంతా కలిపి ప్రోగ్రాముగా కట్టే బిల్డులోకి రాదు; దాని ఫైళ్లు ఆ సిస్టమ్‌లో తెరుచుకోనైనా తెరుచుకోవు. అందులో కొంపలంటుకున్నా ఇటు తెలియదు.

బాబాయ్‌కి తల కొట్టేసినట్టయింది. "పొరపాటు నాదేనమ్మా," అని గొణిగాడు.

"పర్లేదు బాబాయ్," అంది ఆ అమ్మాయి, తెరమీంచి చూపు తిప్పకుండానే. "మరి పోయినవారం నా కోడంతా ఇక్కడే తెరిచి చదివానన్నారు. చాలా బాగుందన్నారు. నేను అమ్మకి ఫోన్ చేసి మరీ చెప్పాను."