దెయ్యాలు దారిచ్చిన మనిషి

మా ఆయన లిఫ్టులు తయారుచేసే కంపెనీలో డ్రాయింగులు గీస్తారు. గీసేది లిఫ్టులు, ఎక్కేది మెట్లు. ఆఫీసు నాలుగో అంతస్తులో ఉంది. పదిహేడేళ్ళుగా పొద్దున్నే ఆ నాలుగంతస్తులూ ఎక్కి, మధ్యాహ్నం భోజనానికి దిగి, మళ్ళీ ఎక్కి, సాయంత్రం ఇంటికొచ్చి పిక్కలు పట్టుకుని కూర్చుంటారు. ఎవరడిగినా వ్యాయామం అంటారు. ఆయన పొట్ట చూసినవాళ్ళెవరూ నమ్మరు గానీ, పెద్దమనిషి కదా అని ఊరుకుంటారు.

అసలు సంగతి తెలిసింది నాకొక్కదానికే. ఆయనకు తొమ్మిదేళ్ళప్పుడు మా బావగారు, అంటే ఆయన అన్నగారు, దొంగా పోలీసూ ఆడుతూ తమ్ముణ్ణి ఇంటి వెనక సామాన్ల గదిలో పెట్టి గొళ్ళెం వేశారు. వేసి, ఆ సంగతి మర్చిపోయి స్నేహితులతో బంతాటకు వెళ్ళిపోయారు. ఆ గదికి కిటికీ లేదు. ఇనప అరలు, పాత డబ్బాలు, చీకటి. తలుపు తీసేసరికి సాయంత్రమైంది. ఎవరింట్లో పెళ్ళి జరిగినా భోజనాల దగ్గర బావగారు ఈ కథ చెప్పి నలుగురినీ నవ్విస్తారు. మా ఆయన కూడా నవ్వుతారు. ఆ రాత్రి మాత్రం పడగ్గది తలుపు ఓరగా తీసిపెట్టుకుని పడుకుంటారు.

అలాంటి మనిషికి ఆఫీసు నుంచి ఓ సర్క్యులర్ వచ్చింది. ఊరి చివర వినోదాల పార్కులో ఏటా అక్టోబరు నెలాఖరున హాలోవీన్ పేరుతో దెయ్యాల కొంప ఒకటి పెడతారు. మనుషులే దెయ్యాల వేషం కట్టుకుని చీకటి గదుల్లో మాటువేసి, టికెట్టు కొని వచ్చినవాళ్ళ మీదకు దూకుతారు. కంపెనీ నిరుటిలాగే ఈ ఏడూ సిబ్బందికీ, వాళ్ళ భార్యలకూ భర్తలకూ టికెట్లు కొన్నది. కింద "టీమ్ స్ఫూర్తి పెంపొందించుటకు" అని రాసి ఉంది. దెయ్యాలకూ టీమ్ స్ఫూర్తికీ ఉన్న సంబంధం, నేను డిగ్రీలో చదివిన తర్కశాస్త్రానికి అందలేదు.

నిరుడు మా ఆయన జ్వరమని తప్పించుకున్నారు. ఆ జ్వరం తెప్పించిన వైద్యురాలిని నేనే. కానీ వరసగా రెండేళ్ళు ఒకే తారీఖున జ్వరం వస్తే అనుమానించడానికి పెద్ద తెలివితేటలు అక్కర్లేదు. పైగా నిరుడు స్టోర్స్‌లో పనిచేసే ఒకాయన గుమ్మం దాకా వెళ్ళి, లోపలి కేకలు విని వెనక్కి వచ్చేశాడు. ఆ రోజు నుంచి ఆయన పేరు యూటర్న్. అసలు పేరు ఇప్పుడు జీతం చీటీ మీద తప్ప ఇంకెక్కడా లేదు. క్యాంటీన్ ఆవిడ కూడా "యూటర్న్ గారికి చక్కెర తక్కువ" అని కేక వేస్తుందట.

"యాభై రెండేళ్ళొచ్చాయి. రిటైరయ్యేదాకా అలాంటి పేరు మొయ్యాలంటే నావల్ల కాదు" అన్నారు మా ఆయన ముందురోజు చొక్కాకు గుండీ కుట్టించుకుంటూ. నేను దారం తెంపుతుంటే, "లోపల నా కాళ్ళు చచ్చుబడితే మోసుకొస్తావా?" అని అడిగారు.

"ఎనభై కిలోలు. రెండు విడతలుగా తెస్తాను" అన్నాను.

నవ్వలేదు. అప్పుడు తెలిసింది నాకు, విషయం ఎంత దాకా వచ్చిందో.

నా సంగతి వేరు. ఇంట్లో బల్లిని చీపురుతో సాగనంపేది నేను. చప్పుడైతే లేచి చూసేది నేను. ఇంట్లో ఎవరికన్నా ఆపరేషనంటే ముందు డాక్టరు చెప్పేది విని, కాగితం మీద సంతకం పెట్టేదీ నేనే. మిగతావాళ్ళంతా భయపడటం అయిపోయాక నా వంతుకేమీ మిగిలేది కాదు. పెళ్ళయిన ఇరవై నాలుగేళ్ళలో నోరారా ఒక్క కేక పెట్టి ఎరగను. కోపంతో అరవడం వేరు, అది నిత్యకృత్యం. అందుకే ఆ పార్కు కరపత్రాన్ని రెండు వారాలుగా ఫ్రిజ్ తలుపుకు అంటించుకుని, పాలు తీసినప్పుడల్లా చదువుకున్నాను. పార్కుకు వెళ్ళే బస్సులో నోరుజారి చెప్పేశాను కూడా, ఇవాళ గట్టిగా ఒక కేక పెట్టాలని ఉందని. దేనికన్నారు ఆయన. ఊరికే అన్నాను. నా మొహంలోకి ఒకసారి చూసి కిటికీ వైపు తిరిగారు.

మేం వెళ్ళేసరికి ఇంకా ఎండ ఉంది. పగటి వెలుతురులో దెయ్యాల కొంప అంటే ప్లైవుడ్డు, నల్లరంగు, అక్కడక్కడా మేకులు. వెనక గోడ నీడలో ఒక దెయ్యం ముసుగు నుదుటి మీదకు ఎత్తుకుని సీసాతో మంచినీళ్ళు తాగుతోంది. నాకు ముచ్చటేసింది. మా ఆయనకు అదేం కనపడలేదు. ఆయన చూపంతా గుమ్మం మీద ఉంది. లోపలి నుంచి కేక వినపడినప్పుడల్లా ఆయన చెయ్యి ఇంకాస్త చల్లబడుతోంది. వరసలో మా ముందు మేనేజరు గారూ ఆయన భార్యా, వెనక యూటర్న్ గారు, ఇంకో పదిమంది ఆఫీసువాళ్ళు.

బాత్రూం అని చెప్పి వరసలోంచి బయటపడ్డాను. సహాయ కేంద్రం అని బోర్డున్న కౌంటర్లో ఒక అమ్మాయి కూర్చుని ఉంది. మొహానికి ఒక వైపు కనుబొమ నుంచి గడ్డం దాకా నెత్తురు పూసుకుని, అది చెరిగిపోకుండా రెండో దవడతో బిస్కట్టు నములుతోంది. బాగా భయపడేవాళ్ళ కోసం మీ దగ్గర ఏమన్నా ఉందా అని అడిగాను. బల్ల కింద నుంచి గొట్టంలాంటి దండ ఒకటి తీసి రెండు కొసలూ కలిపింది. ఆకుపచ్చగా వెలిగింది.

"ఇది మెళ్ళో ఉంటే మావాళ్ళు చేతులు దించేసి పక్కకు తప్పుకుంటారాంటీ. ఆనుకుని నడిచేవాళ్ళ జోలికీ రారు. ఎవరికి కావాలి?"

ఒక్క క్షణం ఆలోచించాను. ఇది ఆయన మెళ్ళో పడితే యూటర్న్‌ను మించిన పేరు గుమ్మం దగ్గరే పుడుతుంది. నాకే అన్నాను. ఆ పిల్ల నన్ను తలనుంచి పాదాల దాకా చూసింది. బస్సు కండక్టర్లు కూడా నాకు చిల్లర అడక్కుండానే ఇచ్చేస్తారు, అలాంటి మొహం నాది. "మీకా?" అంది. మనిషిని చూసి మోసపోకమ్మా అని దండ వేసుకుని వచ్చేశాను.

వరసలో పండగే. మేనేజరు గారు "ఇదేంటి చెల్లెమ్మా, సిగ్నల్ దీపంలా వెలిగిపోతున్నారు" అన్నారు. ఆయన భార్య నన్ను చూసి జాలిగా నాలుక చప్పరించింది. అందరికన్నా ఎక్కువ నవ్వింది యూటర్న్ గారు. ఏడాది తర్వాత ఆయనకు బరువు దించుకునే చోటు దొరికింది మరి. "వదినగారికి బెడ్‌ల్యాంప్ అని పేరు పెట్టేద్దాం సార్" అన్నాడు. పెట్టేశారు.

మా ఆయన నా చెవి దగ్గరకు వంగారు. "మరి నీ కేక?"

"ఇంకోసారెప్పుడన్నా పెడతాలెండి. మీరు నా భుజం పట్టుకోండి. వదలకండి."

లోపల మొదటి గది ఆస్పత్రి. మంచాల మీద శవాలు. మాకు ముందు నడిచిన మేనేజరు దంపతుల మీదకు లేచి, వాళ్ళు కెవ్వుమని పరిగెత్తాక, నా దండ చూసి మళ్ళీ దుప్పటి కప్పుకుని పడుకున్నాయి. రెండో గది వంటిల్లు. రంపం పట్టుకున్న దెయ్యం ఒకటి గోడకు ఒదిగి దారిచ్చింది, ఇరుకు బస్సులో పెద్దవాళ్ళకు ఇచ్చినట్టు. పొయ్యి మీద ఇంత పెద్ద గిన్నె ఉంది, దాని మూత పక్కకు జరిగి ఉంది. సర్దుదామని చెయ్యి ముందుకు పోయింది గానీ, భుజం మీద మా ఆయన వేళ్ళు దిగబడి ఉన్నాయి. కళ్ళు మూసుకుని అడుగులు లెక్కపెడుతున్నారు. నలభై మూడు దాకా వినపడింది.

మూడో గదిలో లెక్క ఆగిపోయింది. ఆయన ఖర్మకాలి అక్కడే కళ్ళు తెరిచారు. సన్నటి గది. రెండు వైపులా ఇనప అరలు, వాటి మీద డబ్బాలు. ఆయన ఊపిరి వినపడటం మానేసింది.

"గొళ్ళెం పెట్టారా?" అన్నారు. అది యాభై రెండేళ్ళ మనిషి గొంతు కాదు.

నేను చేత్తో తడిమి చూశాను. "తలుపే లేదండీ. నల్ల కర్టెను. కింద కుట్టు ఊడిపోయింది. ఈ అరలు అట్టముక్కలు, వెండిరంగు పూశారు. ఇదిగో, ఇక్కడ రంగు చాల్లేదు కూడా."

చాలాసేపటికి, అంటే ఆయనకూ నాకూ చాలాసేపు అనిపించాక, నలభై నాలుగు అన్నారు.

బయటికి రాగానే మేనేజరు గారు ఆయన వీపు తట్టారు. చెమట్లు కక్కుతూ వచ్చిన మేనేజరు, తొణక్కుండా వచ్చిన మా ఆయన్ని చూసి మనిషంటే ఇలా ఉండాలన్నారు. యూటర్న్ గారు కూడా ఈసారి వెనక్కి తిరక్కుండా వచ్చాడు, ఆ హుషారులో "బెడ్‌ల్యాంప్ వదినగారూ, స్పృహలోనే ఉన్నారా?" అని అడిగాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. అనుకున్నది అనుకున్నట్టు జరిగిపోయింది. ఇక ఇంటికి పోయి కరపత్రం తీసేసి ఫ్రిజ్ తుడుచుకోవడమే.

మా ఆయన నవ్వలేదు. నా ముందుకు వచ్చి నిలబడి, నా మెళ్ళో దండ తీసి, తన మెళ్ళో వేసుకున్నారు. అందరూ చూస్తుండగానే.

"ఇది నాకోసం తెచ్చింది" అన్నారు మేనేజరుతో. "నాకు చీకటి గదులంటే భయం సార్. చిన్నప్పట్నుంచీ. లోపల దాదాపు కళ్ళు మూసుకునే నడిచాను. మా ఆవిడకు ఇవంటే సరదా." తర్వాత నా వైపు తిరిగి, "ఇదే టికెట్టు పార్కు మూసేదాకా పనిచేస్తుందట. నువ్వెళ్ళి నీ కేక పెట్టుకుని రా. సంచీ ఇలా ఇవ్వు" అన్నారు.

సంచీ ఆయనకిచ్చి వెళ్ళాను. వెళ్తూ వెనక్కి చూస్తే ఆకుపచ్చగా వెలుగుతూ బెంచీ మీద కూర్చున్నారు, ఒళ్ళో నా సంచీ. యూటర్న్ గారు నవ్వు ఆపేసి, కాసేపు అటూ ఇటూ తచ్చాడి, వెళ్ళి ఆయన పక్కన కూర్చున్నాడు.

రెండోసారి నాకు అన్నీ తెలుసు. శవాలు లేచాయి, కాస్త ఉలిక్కిపడ్డాను, అంతే. రంపం దెయ్యం ఎక్కడుంటుందో తెలుసు. దూకగానే పలకరింపుగా తలూపాను కూడా. ఇక నాకు రాసిపెట్టి లేదులే అనుకుంటూ పొయ్యి వైపు చూశాను. మూత ఇంకా అలాగే పక్కకు జరిగి ఉంది. వస్తువులు ముట్టుకోరాదు అని గుమ్మం దగ్గర రాసిన మాట నిజమే. కానీ మూత వంకరగా ఉంటే నా చెయ్యి నా మాట వినదు. సర్దబోయాను.

గిన్నెలోంచి తలకాయ లేచింది.

కేక నాదేనని తెలియడానికి కొంత టైము పట్టింది. మొదలయ్యాక ఆగలేదు. బల్లులూ, చప్పుళ్ళూ, ఆస్పత్రి సంతకాలూ, మా అమ్మాయి చెయ్యి విరిగిన రోజూ, అన్నీ వరసగా బయటికొచ్చాయి. రంపం దెయ్యం రంపం కింద పెట్టేసింది. గిన్నెలో తలకాయ బెదిరిపోయి, "ఆంటీ, ఇది నా డ్యూటీ అంతే" అంది.

అప్పుడు అవతలి వైపు నుంచి "సార్, అటునుంచి వెళ్ళకూడదు సార్" అని ఎవరో అరుస్తుంటే, నల్ల కర్టెను పక్కకు తోసుకుని ఆకుపచ్చ వెలుతురు ఒకటి వంటింట్లోకి పరిగెత్తుకొచ్చింది. మా ఆయన. నా సంచీని గదలా పైకెత్తి పట్టుకున్నారు. దారిలో దెయ్యాలన్నీ చేతులు దించి గోడలకు ఒదిగిపోయాయి.

"ఏమైంది? ఎవరేం చేశారు?"

"ఏం లేదండీ. భయపడ్డాను."

"నిజంగానా?"

"నిజంగానే. చేతులు చూడండి."

చూశారు. పక్కనే తన చేతులు కూడా చాచారు. నాలుగూ ఒకే తీరున వణుకుతున్నాయి. తర్వాత మెల్లగా వెనక్కి తిరిగి, తాను వచ్చిన కర్టెను వైపు చూశారు. దాని వెనక ఏ గది ఉందో అప్పటికి గుర్తొచ్చినట్టుంది.

"నేను ఆ అరల గదిలోంచి వచ్చానా?"

"వేరే దారి లేదుగా."

"దండ ఉంది కదా" అన్నారు, తన గొప్పేమీ లేదన్నట్టు.

"దండ దెయ్యాలకండీ. గదికి కాదు" అన్నాను.

రంపం దెయ్యం గొంతు సవరించుకుని, వెనక జనం ఆగిపోయారు, కాస్త కదులుతారా అని అడిగింది. నేను గిన్నె మూత సరిగ్గా పెట్టి వచ్చాను.

ఆఫీసులో ఆయనకు పేరు పెట్టనే పెట్టారు. అంబులెన్స్. దీపం వెలిగించుకుని పరిగెత్తినందుకు. పెట్టింది యూటర్న్ గారేనట. పేరు పెట్టిన రోజు సాయంత్రం ఇంటికొచ్చి చెప్పినప్పుడు ఆయన మొహం చూస్తే, అంత చెడ్డ పేరులా అనిపించలేదు. వచ్చే నెల మా బావగారింట్లో పెళ్ళి ఉంది. భోజనాల దగ్గర ఈసారి ఆ సామాన్ల గది కథ నేను చెప్పనా అని అడిగాను. వద్దు, నేనే చెప్తానన్నారు.

ఇప్పటికీ మెట్లే ఎక్కుతున్నారు. వ్యాయామం అనడం మాత్రం మానేశారు.