గున్వోర్ ఎలా తింటే అలా

గోతెన్‌బర్గ్‌లో తిండి జబ్బుల వాళ్లకని ఒక పగటి వార్డు ఉంది, పొద్దున వచ్చి సాయంత్రం ఇళ్లకు పోతాం. అక్కడ మాతో పాటు నర్సు కూడా కూర్చుని అదే భోజనం తినాలి. మామూలు మనిషి ఎలా తింటుందో చూసి మేం నేర్చుకోవాలట. మాకు దొరికిన మామూలు మనిషి గున్వోర్. అరవైకి దగ్గరపడిన మనిషి, నోరు మాత్రం పదహారేళ్ల దగ్గరే ఆగిపోయింది.

నా పేరు తూవా. నాకు లావవుతానని భయం. ఆ వార్డులో ఈ భయానికి మంచి గిరాకీ. డాక్టర్ హెన్నింగ్ దగ్గర దానికి కావలసిన మాటలన్నీ సిద్ధంగా ఉంటాయి. కొత్తగా వచ్చిన రూనా సంగతే ఆయనకు కొరుకుడు పడలేదు. ఇరవై ఏళ్ల పిల్ల, ఆటిజం ఉంది. ఎండు రొట్టె, ఉత్త మాకరోనీ తప్ప ఏదీ ముట్టదు. పుల్లలా అయిపోయింది.

"నీక్కూడా లావంటే భయమేనమ్మా, నీకు తెలీటంలేదంతే" అనేవాడు హెన్నింగ్.

ఈ వారం కూడా తినకపోతే పెద్దాసుపత్రిలో చేర్చేస్తానన్నాడు. రూనా అక్కడ ఒకసారి ఉండి వచ్చింది. అక్కడి ట్యూబులైట్ల రొద గురించి నాకు చెబుతూ రెండు చెవులూ మూసుకుంది.

బుధవారం భోజనానికి చేప, ఉడికించిన దుంపలు, బఠాణీలు, వాటన్నిటి మీదా సోయికూర వేసిన తెల్ల సాస్. గున్వోర్ వచ్చి రూనా పక్కన కూర్చుంది.

"ఏం ఆలోచించకు తల్లీ. నేనెలా తింటే అలా తిను."

"అచ్చంగానా?"

"అచ్చంగానే."

గున్వోర్ ఫోర్కు ఎత్తితే రూనా ఎత్తింది. మూతి తుడుచుకుంటే తుడుచుకుంది. గున్వోర్ మొగుణ్ని తలుచుకుని నిట్టూరిస్తే, మొగుడే లేని రూనా కూడా నిట్టూర్చింది. నాకు నవ్వాగలేదు. అంతలో రూనా సాస్ అంటిన దుంప ముక్క నోట్లో పెట్టుకుని, కళ్లు మూసుకుని, నీళ్లు కారుతుండగా మింగింది. నా నవ్వు అక్కడే ఆగిపోయింది.

తర్వాత గున్వోర్ కబుర్లు చెబుతూనే బఠాణీలను ఒక్కొక్కటిగా నాప్‌కిన్ కిందికి తోసింది. రూనా కూడా తోసింది. సరిగ్గా అప్పుడే హెన్నింగ్ లోపలికి వచ్చాడు. తిండి దాచడమంటే మా దగ్గర దొంగతనం కిందే లెక్క.

"ఇంక లాభం లేదు రూనా. ఇప్పుడే ఆసుపత్రికి ఫోన్ చేస్తాను."

రూనా ముఖం పాలిపోయింది. "గున్వోర్ చేసినట్టే చేశాను."

"అబద్ధాలొద్దు."

రూనాకు అబద్ధం చేతకాదని గున్వోర్‌కు తెలుసు. అయినా కాసేపు నోరు విప్పలేదు. ఆ కాసేపూ ఆవిడను మనసులో నేను తిట్టని తిట్టు లేదు. చివరికి ముఖం ఎర్రగా చేసుకుని తన నాప్‌కిన్ ఎత్తింది.

"పిల్ల నిజమే చెప్తోందండీ. నాకు బఠాణీలు పడవు. నోట్లో చిట్లుతాయి. చిన్నప్పట్నుంచీ అంతే."

"అవును, చిట్లుతాయి." పరాయి ఊళ్లో సొంతూరి మనిషి కనబడినట్టు రూనా ఆవిడ వైపు తిరిగింది. "నాకు సాస్‌తో అంతే. దుంపకి తగిలిందంటే, ఎవరో నాకి పెట్టినట్టుంటుంది."

"మరి లావు సంగతి?" అన్నాడు హెన్నింగ్, ఆశ చావక.

"లావైతే ఏంటి? నా ప్యాంట్లన్నీ లాస్టిక్‌వే."

హెన్నింగ్ రూనా ముందున్న పళ్లెం తీసి పక్కన పెట్టాడు. తర్వాత తనే వంటగదిలోకి వెళ్లి, సాస్ తగలని దుంపలు ఒక పళ్లెంలో, చేప ఇంకో పళ్లెంలో తెచ్చిపెట్టాడు. రూనా వాసన చూసింది. మెల్లగా మొదలుపెట్టి అంతా తినేసింది.

"ఫోన్ ఇప్పుడొద్దులే" అన్నాడాయన, గొంతు సవరించుకుని.

నాకు ఏడుపొచ్చినంత పనైంది. అందరూ రూనానే చూస్తున్నారు కదా, ఇదే అదనని నా దుంపను చొక్కా చేతిలోకి జార్చాను.

రూనా ఖాళీ పళ్లెం పక్కకు జరిపింది.

"తూవా, గున్వోర్ దుంపని చొక్కాలో పెట్టుకోలేదు."

అందరూ నావైపు తిరిగారు. చెప్పుకోవడానికి నా దగ్గర ఏ బఠాణీ సాకూ లేదు. సిగ్గుతో చచ్చిపోతూ దుంపను తీసి పళ్లెంలో పెట్టాను. రూనా ఇంకో దుంప అడిగి తెప్పించుకుని, కుర్చీ నా పక్కకు లాక్కుంది.

"నేనెలా తింటే అలా తిను."

"అచ్చంగానా?" అన్నాను.

రూనా కాసేపు ఆలోచించింది.

"నిట్టూర్చక్కర్లేదు."