అద్దె ఇల్లు అడగబోయిన షీల్డు

నేను ఒక షీల్డును. నరసరావుపేటలో ఒక కాలేజీవాళ్లు డిబేట్ పోటీ కోసం టేకు చెక్క మీద ఇత్తడి రేకు కొట్టించి నన్ను చేయించారు. గెలిచినవాళ్లింట్లో ఏడాది ఉండి, మళ్లీ కాలేజీకి రావడం నా ఉద్యోగం. పదహారేళ్లుగా వింటున్నాను. మైకు ముందున్నప్పటి మనుషులంత మంచివాళ్లు ఎక్కడా లేరు.

నిరుడు అంశం, "ముస్లింల మీది ద్వేషానికి ఇస్లామోఫోబియా అనే మాట సమంజసమేనా?" ఎవరిది ఏ పక్షమో చీటీలు తీసి తేలుస్తారు. ఆర్టీసీ మెకానిక్ మస్తాన్‌వలీ కూతురు నఫీసాకు 'కాదు' అనే చీటీ వచ్చింది. పిల్ల ముఖం చిన్నబోయింది. అవతలి పక్షం రోహిణీకుమార్, "పేరే లేని జబ్బుకు మందెవరిస్తారు?" అని అడిగాడు. నఫీసా లేచింది. "మతాన్ని ప్రశ్నించడం వేరు, మనిషిని ద్వేషించడం వేరు. రెండూ ఒకే మూట కడితే, రేపు మా ఇంట్లో నేనో ప్రశ్న అడిగినా ఈ మాటతోనే నా నోరు మూయిస్తారు. ద్వేషాన్ని ద్వేషమంటే చాలు."

హాలంతా చప్పట్లు. న్యాయనిర్ణేత, రిటైర్డు లెక్చరర్ పూర్ణచంద్రరావు గారు నన్ను ఆమె చేతికిస్తూ, "చూశారా, ఆ అమ్మాయే అలాంటిదేం లేదంటోంది" అన్నారు. ఆమె ఆ పేరు వద్దంది గాని, ద్వేషం లేదనలేదు. షీల్డు చెబితే ఎవరు వింటారు?

ఆ నెలలోనే వలీ ఉంటున్న ఇల్లు పడగొట్టి కట్టుకుంటామని ఓనరు ఖాళీ చేయమన్నాడు. నెలాఖరు గడువు. ఏ గుమ్మం ఎక్కినా, పేరు అడిగేదాకా ఇల్లు ఖాళీగానే ఉండేది. చివరికి పూర్ణచంద్రరావు గారి గేటుకు 'పైవాటా అద్దెకు' అన్న బోర్డు చూసి, వలీ నన్ను తువ్వాలులో చుట్టి, కూతుర్ని స్కూటరెక్కించుకున్నాడు. నన్నిచ్చిన పెద్దమనిషికే నన్ను చూపిస్తే తాము మర్యాదస్తులని గుర్తొస్తుందని పాపం అతని ఆశ.

లెక్చరర్ గారు నన్ను ఆప్యాయంగా నిమిరారు.

"పైవాటా మా బావమరిదికి అనుకున్నామయ్యా. బోర్డు తీయడం మర్చిపోయాం. ఇంకోలా అనుకోమాకండి. ఆ రోజు మీ అమ్మాయే ఎంతో చక్కగా చెప్పింది గదా."

వలీ తలూపాడు. నఫీసా ఊపలేదు.

"ఆ పేరు వద్దన్నాను సార్. మాకు ఇల్లివ్వకపోవడాన్ని ఏమనాలో మీరు చెప్పండి, అదే అంటాను."

ఆయన లోపలికి తిరిగి, "ఇదుగో, వీళ్లకు కాఫీ పట్రా" అన్నారు.

తాగకుండానే లేచారు. ఊరి చివర, వాళ్లవాళ్లే ఉండే పేటలో రేకుల ఇల్లు దొరికింది. అక్కడినుంచి కాలేజీకి రెండు ఆటోలు మారాలి. నాకు ఒళ్లు మండింది. ఇత్తడికి ఒళ్లు మండితే ఎవరికి నష్టం?

ఈ ఏడు పోటీకి నఫీసా పేరివ్వలేదు. వలీ డ్యూటీకి పోతూ నన్ను కాలేజీ ఆఫీసులో అప్పగించి వెళ్లాడు. బల్ల మీద గుడ్డ పరిచి నన్ను నిలబెట్టారు. న్యాయనిర్ణేత కుర్చీలో పూర్ణచంద్రరావు గారే ఉన్నారు. టీ తాగుతూ పక్కాయనతో అంటున్నారు.

"వాళ్లంతా ఆ పేటలోనే గుంపుగా ఉంటారండీ. మనతో కలిసి ఉండమంటే ఉండరు."