గదిలో మరొకరు

"ఇంటిపని కాగానే చదువుకో, ఎవరొద్దన్నారు?" అంటాడు మా ఆయన క్వాంగ్. ఇంత ఉదారమైన మనిషి మా హైఫాంగ్ రేవుపట్నమంతా వెతికినా దొరకడు. ఇంటిపని ఎప్పుడవుతుందో మాత్రం ఆయన్ని ఎవరూ అడగలేదు.

ఫోన్‌ని బియ్యం డబ్బాకి ఆనించి, రొయ్యలు ఒలుస్తూ ఆల్గరిథమ్‌ల కోర్సు వినేదాన్ని. పని పెరిగేకొద్దీ దానికి పట్టే సమయం ఎంత పెరుగుతుందన్నదే అందులో అసలు సంగతి. పాఠం చెప్పే ఆవిడ ఉదాహరణ ఇచ్చేలోపే నాకు వంటగదిలో ఒకటి కనపడేది. చుట్టాలు రెట్టింపైతే నా పని నాలుగింతలవుతుంది. ఒక్కొక్కరికి ఒక్కో వంటకం ఇష్టం, అన్ని వంటకాలూ అందరికీ అందాలి కదా. కొన్ని పనులకి స్థిరకాలమట, ఎంత భారం పడినా మారదట. మొదట్లో నమ్మలేదు. తర్వాత మా ఆయన్ని చూశాను. ఎంతమందొచ్చినా ఆయన పని ఒకటే, తన బీరు సీసా మూత తీసుకోవడం.

ఇంట్లో కూర్చునే రాసే ఆ కోర్సు చివరి పరీక్ష పాసైతే ఇంటర్వ్యూకి పిలుస్తామంది ఊళ్లోని ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ. పెళ్లికి ముందు లెక్కల డిగ్రీ చదివినదాన్ని. వడ్డించడానికి తప్ప నన్నెవరైనా దేనికైనా పిలిచి చాలా ఏళ్లయింది. సంబరంలో పరీక్ష తేదీ ఎంచుకునేటప్పుడు గోడ క్యాలెండర్లో పెద్ద అంకెలే చూశాను. కింద చిన్నగా ఉండే చాంద్రమానం తేదీ చూడలేదు. మామగారి తద్దినం ఆ చిన్న అంకెల్లో వస్తుంది. పెద్దకోడలినై ఉండి మరిచిపోయాను! పరీక్ష తేదీ ఇక మారదన్నారు. తద్దినం తేదీ సంగతి నేనెవరినీ అడగలేదు.

ఆ రోజు కింది గదులన్నీ చుట్టాలే. మేడమీద మామగారి ఫోటో ముందు పళ్లేలు అమర్చి, అగరొత్తులు వెలిగించి అందరూ కిందికొచ్చేశారు. అగరొత్తులు ఆరేదాకా ఆయనొచ్చి భోంచేస్తారని మా నమ్మకం, ఎవరూ అడ్డుండకూడదు. నా పరీక్ష ఆలోపు అయిపోతుంది. ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని పైకెళ్లి తలుపేసుకున్నాను.

"మామయ్యా, మీరు తినండి, నేను రాసుకుంటాను" అన్నాను. ఆయన కాదనలేదు.

పక్కనుంచి చెప్పేవాళ్లెవరూ లేరని మొదలుపెట్టే ముందు కెమెరాని గదంతా తిప్పి చూపించాలట. చూపించాను. తెరమీద ఎర్రటి అక్షరాలు: 'గదిలో మరొకరు ఉన్నారు. వారిని బయటికి పంపండి.'

ఫోటోని గోడవైపు తిప్పుదామని చెయ్యెత్తాను. ఏడాదికి ఒక్కపూట భోజనానికొచ్చిన మనిషి. చెయ్యి దించేశాను. తలుపు తీసి మెట్లమీంచి పిలిచాను.

"అత్తయ్యా, కాసేపు మామయ్య ఫోటో పక్కన పెట్టొచ్చా? గదిలో ఇంకొకరున్నారంటోంది కంప్యూటరు."



"ఉన్నారందా?" అత్తగారు మెట్ల మొదట్లోకొచ్చేసింది. "ఆ మాటే అందా?"

"అంది కానీ అత్తయ్యా..."

"ఒరే క్వాంగ్! మీ నాన్నొచ్చాడ్రా! మిషనుకి కనపడ్డాడ్రా!"

మెట్లు దడదడలాడాయి. "ఏ పక్కనున్నారే? కోడి ముట్టారా?" అని ఆడపడుచు. చిన్నమామగారు తెరకి మొహం ఆనించి, "అన్నయ్యా, నేనే, చిన్నోణ్ణి!" అన్నాడు. తెర ఒక్కొక్క మొహాన్నే లెక్కేసుకుంటూ పోతోంది.

"అత్తయ్యా, నా పరీక్ష..."

"పరీక్షెక్కడికి పోతుందే! ఈయన మళ్లీ ఏడాదికిగానీ రాడు!"

ఆవిడ కళ్లనిండా నీళ్లు. క్వాంగ్ నా భుజం తట్టాడు. "చూశావా, ఇన్నాళ్లకి నీ చదువు ఇంటికి పనికొచ్చింది."

పరీక్ష రద్దయింది. అందరూ పళ్లేలు పట్టుకుని భోజనాలకి దిగిపోయారు. తెరమీద ఒక ప్రశ్న మిగిలింది: 'గదిలో ఉన్న వ్యక్తి మీకు ఏమవుతారు? మీకు ఏ విధంగానైనా సహాయం చేశారా?'

"దియెప్! అన్నం ఏదీ?" కిందనుంచి నాకోసం క్వాంగ్ కేక.

చేతులు ఏప్రానుకి తుడుచుకోబోయి, అది వంటగదిలోనే వదిలొచ్చానని గుర్తొచ్చి ప్యాంటుకే తుడుచుకుని, టైప్ చేశాను:

'మా మామగారు. చనిపోయారు. సహాయం చేశారు. నేను రాసుకుంటానంటే ఈ ఇంట్లో అడ్డురానిది ఆయనొక్కరే.'