మాస్టారి రెండో పుస్తకం

నలభై మంది రాసిన పరీక్షలో ముప్పై ఒక్క మంది ప్లీహాన్ని వదిలేశారు. కడుపులో అవయవాల బొమ్మ గీసి పేర్లు రాయమంటే కాలేయం గీశారు, జీర్ణాశయం గీశారు, మూత్రపిండాలు రెండూ ఎక్కడుండాలో అక్కడే పెట్టారు. ఎడమవైపు పక్కటెముకల కింద ఉండాల్సిన ప్లీహం మాత్రం వాళ్ళలో ఎవరి కడుపులోనూ లేదు. కాపీ కొట్టారేమోనని హెడ్ మేడమ్ కళ్ళెర్ర చేసింది. తీరా ఆరా తీస్తే తేలిందేమిటంటే, క్లాసులో పుస్తకం కొన్నది తొమ్మిది మందే. మిగతావాళ్ళు ఆ బొమ్మని ఫోన్లో ఫొటో తీసి ఒకరికొకరు పంపించుకున్నారు. ఫొటో తీసేటప్పుడు పేజీ తిరిగిపోకుండా ఎవరో బొటనవేలితో నొక్కిపట్టారు. ఆ వేలు సరిగ్గా ప్లీహం మీద పడింది.

ఆదివారం ఉదయం హెడ్ మేడమ్ స్వయంగా ఇంటికొచ్చి ఈ సంగతి చెబితే మాస్టారు కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వారు. ఆ పుస్తకం తనదేనని గుర్తొచ్చాక నవ్వు ఆపారు.

హెడ్ మేడమ్ ఒకప్పుడు ఆయన శిష్యురాలు. ఆయన రిటైరైన ఎనిమిదేళ్ళకి అదే కమ్యూనిటీ కాలేజీలో, అదే శరీరశాస్త్రం విభాగానికి పెద్దయింది. అక్కడ చదివేవాళ్ళు పగలంతా ఆస్పత్రుల్లో స్ట్రెచర్లు తోసి, పక్కలు మార్చి, రోగులకి స్నానాలు చేయించి, సాయంత్రం వచ్చి బెంచీల మీద కూలబడేవాళ్ళు. పుస్తకం ఖరీదు వాళ్ళకి వారం రోజుల సంపాదన. అందుకని వచ్చే టర్ము నుంచి కొనే పుస్తకం ఎత్తేసి, ఎవరైనా ఉచితంగా దించుకుని, ప్రింటు తీసుకుని, అవసరమైతే దిద్దుకుని, పక్కవాళ్ళకి పంచుకునే పుస్తకం పెట్టాలని కాలేజీ నిర్ణయించింది. ఈ మాట ఇంకెవరి నోటో వింటే మాస్టారు తట్టుకోలేరని ఆమె తనే చెప్పడానికి వచ్చింది.

మాస్టారికి ముక్కు మీదే కోపం. అయినా ఆ రోజు కోపం రాలేదు, అంతకన్నా చెడ్డది ఏదో వచ్చింది. ఇరవై ఆరేళ్ళుగా ఆ పుస్తకం క్లాసులో ఉంది. అది ఉన్నంతకాలం తనూ క్లాసులో ఉన్నట్టేనని ఆయన లోలోపల ధైర్యంగా ఉండేవారు. ఏటా టర్ము మొదట్లో ఏదో పనున్నట్టు పుస్తకాల షాపుకెళ్ళి, తన పుస్తకాల దొంతర చూసి, ఏమీ కొనకుండా వచ్చేసేవారు. ఈ సంగతి భార్యకి కూడా తెలియదని ఆయన నమ్మకం.

"తీసేసుకోండమ్మా. నన్నడగడం దేనికి?" అన్నారు.

"తీసెయ్యడానికి అడగట్లేదు మాస్టారూ. కొత్తది మీరే రాయాలని అడుగుతున్నాను."

ఉచితంగా దొరికేవి రెండు చూశానంది. ఒకటి డాక్టర్లకి రాసినట్టుంది, రెండోది చంటిపిల్లలకి రాసినట్టుంది. పక్కలు మార్చేవాళ్ళ కోసం ఎవరూ రాయలేదు. దానికెందుకంత శ్రమ, నా పుస్తకాన్నే అందరికీ పంచెయ్యి అని మాస్టారు ఉదారంగా సెలవిచ్చి, బీరువాలోంచి ప్రచురణకర్తలతో చేసుకున్న ఒప్పందం తీశారు. రెండో పేజీలో ఉంది: ఆ పుస్తకంలోని ప్రతి వాక్యం మీదా హక్కు వాళ్ళది. కింద ఆయన సంతకం. ప్రశ్నని రెండుసార్లు చదవనిదే జవాబు మొదలుపెట్టొద్దని ముప్పై ఏళ్ళు పిల్లల ప్రాణం తీసిన మనిషి, ఆ కాగితాన్ని ఒక్కసారి కూడా చదవకుండా సంతకం పెట్టారు.

సరే, కొత్తగానే రాస్తానన్నారు. పది వారాల గడువు. మొదటి అధ్యాయం నాలుగు రోజుల్లో పూర్తి చేసి గర్వంగా పంపించారు. మర్నాడు హెడ్ మేడమ్ వచ్చి, ఎదురుగా కూర్చుని, చేతిలో కాగితం లేకుండా పాత పుస్తకంలోని మొదటి అధ్యాయం గడగడా అప్పజెప్పింది. మాస్టారు తన కొత్త రాతప్రతి చూసుకుంటూ విన్నారు. మొత్తం మీద మూడు మాటలు తేడా వచ్చాయి.

"నీకింకా గుర్తుందా?" అన్నారు ఆశ్చర్యంగా.

ఎందుకుండదు, క్లాసులో మాట్లాడినందుకు మీరు నాచేత పదిసార్లు రాయించారుగా అంది ఆమె.

రెండోసారి రాశారు. మళ్ళీ అదే. మూడోసారి కావాలని వాక్యాలు తిప్పి రాస్తే కర్త ఒకచోట, క్రియ ఒకచోట పడి తనకే అర్థం కాలేదు. ఏళ్ళ తరబడి ఆ మాటలే చెప్పీ చెప్పీ, తల్లో ఇంకో దారి లేకుండా పోయింది. వయసైపోయిందమ్మా, నావల్ల కాదు అని ఒక మధ్యాహ్నం చేతులెత్తేశారు.

రాయొద్దు, చెప్పండి, నేను ఫోన్లో రికార్డు చేసుకుని టైపు చేసుకుంటాను అంది హెడ్ మేడమ్. కాకపోతే నాకు చెబితే లాభం లేదు, మీరు సగం చెప్పేలోపు నేను మిగతా సగం అందించేస్తాను, మీ పుస్తకం చదవనివాళ్ళెవరికైనా చెప్పాలి అంది.

"ఈ ఊళ్ళో ఎవరున్నారు నా పుస్తకం చదవనివాళ్ళు?"

"నేనున్నాగా," అంది మాస్టారి భార్య ముందుగదిలోంచి.

ఆవిడ దర్జీ. ముందుగదే ముప్పై ఏళ్ళుగా ఆవిడ దుకాణం. కిటికీ పక్కన మిషను, గోడకి కొలతల టేపు, మూల గుడ్డముక్కల బుట్ట, కుట్టడానికి ఇచ్చినవాళ్ళు కూర్చునేందుకు ఒక స్టూలు. గుండెలో ఒక వాల్వ్ సరిగా మూసుకోవడం లేదని, ఆపరేషన్ చేయించుకోవాలని ఏడాది కిందట డాక్టర్ చెప్పినప్పటి నుంచి ఆవిడ పని తగ్గించుకుంది. ఆపరేషన్ మాట ఎత్తితే మాత్రం, చూద్దాంలెండి, ముందు ఆ కర్టెన్లు ఇచ్చెయ్యనివ్వండి అని దాటేసేది. కర్టెన్లు వెళ్ళిపోయాక దిండు గలీబులు వచ్చేవి. మొండిమనిషి అని మాస్టారు విసుక్కునేవారు గానీ, ఆవిడ మాట మార్చిన ప్రతిసారీ ఆయన మనసు తేలికపడేది కూడా.

అలా మాస్టారు రోజూ మధ్యాహ్నం స్టూలు మీద కూర్చుని, ఫోను మిషను మీద పెట్టి, భార్యకి పాఠం చెప్పడం మొదలుపెట్టారు. మొదటిరోజు మూత్రపిండాలు. గొంతు సవరించుకుని, "మూత్రపిండము అనగా..." అన్నారో లేదో ఆవిడ ఆపేసింది.

"అనగా అంటే నాకు నిద్రొస్తుంది. అదేం చేస్తుందో చెప్పండి."

రక్తాన్ని వడకడుతుందన్నారు. వడకట్టేటప్పుడు పనికొచ్చేవి కూడా కొట్టుకుపోతే ఎలా అని ఆవిడ అడిగింది. పోతాయి, కానీ కావలసినవన్నీ మళ్ళీ లోపలికి లాక్కుని, అక్కర్లేనివే బయటికి పంపుతుందని ఆయన చెప్పారు. అంటే ముందు సామానంతా కింద కుమ్మరించి, తరవాత కావలసినవి ఏరి లోపల పెట్టుకుంటుంది, నేను బీరువా సర్దినట్టు అంది ఆవిడ. మాస్టారు నోరు తెరిచారు. తను రెండు పేజీలు, ఒక పట్టిక, మూడు సంస్కృత పదాలు పెట్టి చెప్పింది అదే. హెడ్ మేడమ్ ఆ బీరువాని ఉన్నదున్నట్టు పుస్తకంలో పెట్టేసింది.

చర్మం అయింది, ఎముకలు అయ్యాయి, జీర్ణకోశం అయింది. మాస్టారు పడుచువాడిలా హుషారయ్యారు. అన్నం తింటూ కూడా, అది కాదోయ్, ఇలా చెబితే ఎలా ఉంటుంది అని భార్య ప్రాణం తోడేసేవారు. గడువు రెండు వారాలుందనగా ఒక్క అధ్యాయం మిగిలింది. గుండె. రేపు, ఎల్లుండి అంటూ ఆయన దాన్ని వెనక్కి నెట్టుకొచ్చారు.

"గుండె ఎప్పుడు?" అని ఆవిడే అడిగింది.

అదొక్కటీ నేనే ఎలాగో రాసుకుంటానులే, నీకు తెలిసిందేగా, డాక్టర్ చెప్పాడుగా అన్నారు మాస్టారు ఆవిడ వైపు చూడకుండా.

ఆవిడ మిషను ఆపింది.

"డాక్టర్ గారు చెప్పింది నాకు అర్థం కాలేదు. మీ పుస్తకం చదవలేదన్నాను గానీ, ఇంటికొచ్చాక అదే తీశాను. గుండె పాఠం నాలుగుసార్లు చదివాను. అదీ అర్థం కాలేదు. మిమ్మల్నే అడుగుదామనుకున్నాను. మీ పుస్తకం అర్థం కాలేదంటే మీరు చిన్నబుచ్చుకుంటారని ఊరుకున్నాను."

ఇన్నేళ్ళలో వేలమంది ఆ పుస్తకం చదివి పరీక్షలు గట్టెక్కారు. నిజంగా అవసరమైన ఒక్క మనిషి, అదీ తన ఇంట్లో మనిషి, నాలుగుసార్లు దాని తలుపు తట్టి వెనక్కి వచ్చేసింది. మాస్టారికి ఇంత సిగ్గు ఎప్పుడూ వెయ్యలేదు.

"అందుకేనా ఆపరేషన్ వద్దన్నావు?"

"లోపల ఏం చేస్తారో తెలియకుండా ఎలా పడుకోమంటారు?"

మాస్టారు లేచి, బుట్టలోంచి రెండు గుడ్డముక్కలు ఏరుకుని, వాటి అంచులు కలిపి పట్టుకున్నారు. గుండె గదుల మధ్య ఇలాంటి రెండు రెక్కలున్నాయన్నారు. రక్తం అటు వెళ్ళేటప్పుడు తెరుచుకుంటాయి, వెళ్ళాక మూసుకుంటాయి. వెనకనుంచి రక్తం తోసినప్పుడు అవి తిరగబడకుండా కింద సన్నటి తీగలు పట్టుకుని ఉంటాయి. ఆ తీగలకి పుస్తకంలో పేరుంది, ఆ పేరు ఆయన నాలిక చివరిదాకా వచ్చింది. మింగేశారు. ఆవిడ రీలులోంచి దారం తెంపి ఆయన చేతికిచ్చింది. ఆయన సూదిలో దారం ఎక్కించలేకపోతే తనే తీసుకుని, రెక్కల అంచులకి దారాలు కుట్టి, కింద వేళ్ళతో బిగించి పట్టుకుంది. ఒక దారాన్ని కాస్త వదులు చేసింది. ఒక రెక్క పక్కకి వాలింది. ఆవిడ ఆ సందు వైపు చూస్తూ కూర్చుంది.

"గుండె గదుల మధ్య గుడ్డ తలుపులున్నాయి," అంది నెమ్మదిగా. "తిరగబడకుండా వాటిని దారాలు పట్టుకుంటాయి. నా దాంట్లో ఒక దారం సాగింది. అంచులు కలవట్లేదు, సందులోంచి రక్తం వెనక్కొస్తోంది. అందుకే మెట్లెక్కితే ఆయాసం. అంతేనా?"

"అంతే."

"సాగిన దారం దానంతటది బిగుస్తుందా?"

మాస్టారు అబద్ధం చెప్పదలుచుకోలేదు. బిగవదన్నారు. మాత్రలతో ఆయాసం తగ్గుతుంది గానీ దారం సాగే ఉంటుంది, కొత్తది వెయ్యాలి.

"ఆపరేషన్ అంటే అదేనా? ఈ ముక్క ఏడాది కిందటే చెప్పి ఉంటే అప్పుడే చేయించుకునేదాన్నిగా."

"నాకు భయమేసింది," అన్నారు మాస్టారు. "నువ్వు వద్దన్న ప్రతిసారీ బతికిపోయాననుకున్నాను."

ఆవిడ గుడ్డముక్కలు పక్కన పెట్టి ఆయన చెయ్యి పట్టుకుంది. ఫోను ఆపాలన్న సంగతి ఇద్దరికీ గుర్తులేదు.

ఆ రికార్డు విని హెడ్ మేడమ్ ఇంట్లో ఒక్కతే కూర్చుని ఏడ్చింది. టైపు చేసేటప్పుడు భార్యాభర్తల మాటలు వదిలేసి, పాఠం మాత్రం ఆవిడ అన్నది అన్నట్టే ఉంచింది. రాతప్రతి చూసిన మాస్టారు 'గుడ్డ తలుపులు' కొట్టేసి అసలు పేరు రాద్దామని అలవాటు కొద్దీ పెన్ను తీశారు. తీసి, ఆ మాట జోలికి పోకుండా, పరీక్షకి కావాలి కదా అని అసలు పేరుని దాని కింద వరసలో చిన్నక్షరాలతో చేర్చారు. భార్య పేరు కూడా వేస్తానంటే ఆవిడ ఒప్పుకోలేదు. అందుకని మొదటి పేజీలో మాస్టారి పేరు కింద 'ప్రశ్నలు: ఒక దర్జీ' అని ఉంటుంది.

టర్ము మొదలైన నాలుగో వారంలో ఆవిడకి ఆపరేషన్. ఉదయం ఏడింటికి స్ట్రెచర్ వచ్చింది. ఆవిడ ఆయన చొక్కా కాలరు సరిచేసి, టిఫిన్ తినండి అని చెప్పి వెళ్ళిపోయింది. మాస్టారు వరండాలో బెంచీ మీద కూర్చున్నారు. గుండె గురించి ఆయనకి తెలిసినంత ఆ వరండాలో ఇంకెవరికీ తెలిసి ఉండదు. అయినా టిఫిన్ సంగతి మర్చిపోయి, ఆపరేషన్ గది తలుపు దాకా రెండుసార్లు వెళ్ళొచ్చారు.

స్ట్రెచర్ తోసుకెళ్ళిన వార్డు ఆయా తిరిగొస్తూ ఆయన్ని చూసి ఆగింది. నలభై ఏళ్ళుంటాయి, కళ్ళజోడు, కాళ్ళకి రబ్బరు చెప్పులు. పక్కన కూర్చుంది.

"భయపడకండి బాబాయిగారూ. లోపల ఏం చేస్తారో తెలుసా మీకు?"

తెలుసమ్మా అనబోయారు. ఎన్నో ఏళ్ళుగా ఎంతోమందికి చెప్పినవాడినని కూడా అనేవారే. కానీ ఆ పూట ఆయనకి ఎవరైనా పక్కన కూర్చుని చెబితే బాగుండుననిపించింది.

"చెప్పమ్మా," అన్నారు.

ఆమె కోటు జేబులోంచి ఫోను తీసి, దాని అద్దం కొంగుతో తుడిచి, నేను సాయంత్రం కాలేజీకి వెళ్తానండీ, మా పుస్తకంలో ఉంది అంటూ వేలితో పేజీలు జరిపింది. కావలసిన చోటు దొరికాక కళ్ళజోడు సర్దుకుంది.

"గుండె గదుల మధ్య గుడ్డ తలుపులుంటాయండీ. తిరగబడకుండా వాటిని దారాలు పట్టుకుంటాయి..."

ఒక్కో మాటా కూడబలుక్కుంటూ చదువుతోంది. దారాల దగ్గరికొచ్చేసరికి ఫోను ఒళ్ళో పెట్టి, రెండు చేతుల వేళ్ళూ చాచి, ఎలా పట్టుకుంటాయో చూపించింది. మాస్టారు చేతులు ఒళ్ళో పెట్టుకుని బుద్ధిగా వింటున్నారు.

"సాగిన దారం దానంతటది బిగుస్తుందా?" అని అడిగారు.

"బిగవదండీ. అందుకే కొత్తది వేస్తున్నారు. అమ్మగారు నిబ్బరంగానే ఉన్నారు, నాకే ధైర్యం చెప్పారు లోపల. మధ్యాహ్నానికి అయిపోతుందన్నారు."

మాస్టారు తలూపారు. గడియారం చూస్తే ఏడూ ఇరవై అయింది.

"నీకు పనేం లేకపోతే, మళ్ళీ మొదటినుంచీ చెప్పమ్మా," అన్నారు.