సగం కట్టిన ముడి

మా అక్కంత చాదస్తురాలిని నేను చూడలేదు. మా క్లబ్బులో గోడ ఎక్కడం నేర్చుకోవడానికి వచ్చేవాళ్లను మొదటిరోజే ఏడిపించినంత పని చేస్తుంది. ముందు తాడుకు ఒక ముడి వేసి, కొసను నడుముకున్న బెల్టులోంచి దూర్చాలి. ఆ ముడి వెంటే కొసను వెనక్కి తిప్పి రెండోసారి అల్లాలి. కింద తాడు పట్టుకునే మనిషి ఆ ముడిని లాగి చూడాలి. చూడందే కాలు నేల మీంచి లేవకూడదు. ఇది మా అక్క శాసనం.

శాసనం ఊళ్లోవాళ్లకే. మేమిద్దరం ఒకరి ముడి ఒకరం చూసుకోవడం ఎప్పుడో మానేశాం. ఏళ్ల తరబడి కడుతున్న ముడిని చూడబోతే నమ్మకం లేదన్నట్టుంటుందని మా వెర్రి.

ఆ ఉదయం కొత్తవాళ్లకు ఎక్కి చూపించడానికి అక్క తాడుకు ముడి వేసి కొసను బెల్టులోంచి దూర్చింది. నేను ఊరుకోక, "అమ్మ ఫోన్ చేసిందా?" అన్నాను.

"చేయకేం! నువ్వు చిక్కిపోయావట, నేను లావెక్కానట. ఇద్దరం ఉన్న ఒక్క ఫొటో చూసి చెప్పింది!" అంటూ అక్క నడుం మీద చెయ్యేసుకుని అచ్చం అమ్మలా మాట్లాడి చూపించింది. కౌంటర్లో ఉన్న బావ పడీపడీ నవ్వాడు. అక్క నవ్వుతూనే చేతులకు సుద్దపొడి రాసుకుని గోడెక్కింది. గోడ పైనున్న కప్పీ మీదుగా కిందికి దిగిన తాడు రెండో వైపును నేను నవ్వుతూనే పట్టుకున్నాను.

మూడంతస్తుల గోడ. గోడంతా రంగురంగుల ప్లాస్టిక్ రాళ్లు. అక్క చివరికంటా వెళ్లిపోయింది. ఇంకో రెండు రాళ్లే మిగిలాయనగా తలెత్తి చూశాను. తాడు కొస ఆమె మోకాలి దాకా వేలాడుతోంది. ముడి పూర్తయితే జానెడు కూడా మిగలదు.

ముడి సగమే ఉంది. కొస బెల్టులోంచి దూరి, దేనికీ అల్లుకోకుండా ఊగుతోంది. నేను తాడు లాగితే ఊడి వచ్చేస్తుంది. పట్టుకుని కాపాడాల్సిన తాడే ఇప్పుడు నా చేతిలో శత్రువయింది.

పైకి చేరగానే ఆఖరి రాయిని చరిచి, రెండు చేతులూ వదిలేసి వెనక్కి వాలడం అక్క సరదా. కొత్తవాళ్లు కెవ్వుమంటే ఆమెకు అదొక ఆనందం.

"అక్కా, ఆగు!"

"ఏంటే?"

"తాడు... పైన మెలిపడింది. అలాగే ఉండు."

నా బుద్ధికి అంతకన్నా మంచి అబద్ధం దొరకలేదు. "దానికింత అరుపా? నేను విప్పుతాలే," అని అక్క ఒక చెయ్యి వదిలి తాడు వైపు చాచింది. నా పైప్రాణాలు పైనే పోయాయి.

"ముట్టుకోకు! అబద్ధం చెప్పాను. నువ్వు ముడి సగమే వేశావు. రెండు చేతులతో రాళ్లు పట్టుకో. వాలకు!"

మాటకు మాట అప్పజెప్పందే నిద్రపోని మా అక్క, చెప్పింది చెప్పినట్టు చేసింది. రెండు చేతులూ రాళ్ల మీదికి చేరాయి. కాసేపటికి ఎడమకాలు గజగజ వణకడం మొదలైంది.

తాడు మెల్లగా సడలించి వదిలేశాను. ఏం జరిగినా తాడు వదలకూడదని అందరికీ నేర్పిన చేతులు కదా, వేళ్లు మొరాయించాయి. "బావా, పరుపులు!" అని అరిచి, అదే గోడకు ఆ పక్కనున్న రాళ్ల వరస దగ్గరికి పరుగెత్తాను. ఒంటరిగా ఎక్కేవాళ్ల కోసం అక్కడ ఒక పట్టీ ఉంటుంది. బెల్టుకు తగిలించుకుంటే మనిషితోపాటు దానంతటదే పైకి చుట్టుకుంటుంది, చెయ్యి జారితే ఆపుతుంది. అక్క పక్కనే గోడకొక ఇనుప రింగు ఉంది. నా బెల్టుకు రెండు కొసలా కొక్కేలున్న చిన్న తాడు వేలాడుతోంది. ఒక కొక్కెం రింగుకి, ఒకటి అక్క బెల్టుకి తగిలిస్తే చాలు. అందాకా ఆమె వేళ్లు ఓపిక పట్టాలి.

ఎక్కాను. ఎలా ఎక్కానో అడిగితే చెప్పలేను.

"అమ్మ ఇంకేమందక్కా?"

"నోర్మూసుకుని ఎక్కవే." అక్క రాయి మీద పట్టు మార్చుకుంది. "చెమట పడుతోందే. వేళ్లు జారుతున్నాయి."

"వచ్చేశా. ఇంకొంచెం."

"అక్కడే ఉన్నావు. నాకు కనిపిస్తోందిలే."

ఆఖరికి ఆమె భుజం నా భుజానికి తగిలింది. రింగుకు ఒక కొక్కెం, ఆమె బెల్టుకు ఒక కొక్కెం. రెండూ బిగించి, లాగి, మళ్లీ లాగి చూశాను. "ఇంక కూర్చో," అన్నాను. అక్క నా మాట నమ్మలేదు. తనూ లాగి చూసి, అప్పుడు మెల్లగా బరువు వదిలింది. చిన్న తాడు ఆమె బరువుకు ఆగింది. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

అక్క నవ్వలేదు. నా నడుం వైపు చూస్తోంది.

"నీ పట్టీ ఏదే?"

చూసుకున్నాను. నా బెల్టుకు ఏమీ లేదు. కింద, నేల దగ్గర, పట్టీ తన మేకుకు తగిలించింది తగిలించినట్టే ఉంది. తీసుకోవడం మరిచి, మూడంతస్తులు ఉత్త చేతులతో ఎక్కాను.

అంతవరకూ ఇనుములా ఉన్న నా వేళ్లలో ఉన్నట్టుండి సత్తువ లేకుండా పోయింది. అక్క ఒక చేత్తో నా నడుం చుట్టేసింది. రెండో చేత్తో తన బెల్టుకు విడిగా వేలాడుతున్న ఇంకో కొక్కెం తీసి, నా బెల్టును తన బెల్టుకు కలిపేసింది. "కదలకు. ఏడిస్తే చంపేస్తాను," అంది. తనే ఏడుస్తోంది.

కింద బావ పరుపులు పరిచాడు. సగం అక్క కింద, సగం నా కింద. అంటే నాకు పట్టీ లేదని చూశాడన్నమాట. చూసి కూడా అరవలేదు. అరిచి ఉంటే నేను కిందికి చూసేదాన్ని.

ఇప్పుడు ఆ పట్టీని మేకు నుంచి తీసి తన బెల్టుకు తగిలించుకున్నాడు. ఒక కాలు గోడ మీద పెట్టి, మళ్లీ దించేశాడు. కొత్తగా చేరినవాళ్లలో అందరికన్నా పెద్దావిడ నోటికి చేతులడ్డం పెట్టుకుని నిలబడి ఉంది. ఆవిణ్ణి దగ్గరికి పిలిచాడు.

"దీన్ని కాస్త లాగి చూడండమ్మా."

ఆవిడ భయం భయంగా రెండు వేళ్లతో లాగింది.

"గట్టిగా లాగండి!" పైనుంచి అక్కాచెల్లెళ్లం ఒక్క గొంతుతో అరిచాం.