పటానికి దినాలు

అమీర్‌పేటలో కళలను ఉద్ధరించే సంఘం ఒకటి పుట్టిందని లచ్చవ్వకు చేదబావి దగ్గర తెలిసింది. ఏ కళను ఉద్ధరిస్తున్నారో నీళ్లు చేదే ఆడవాళ్లలో ఎవరికీ తెలియదు. శుక్రవారం సెలవు వచ్చిందంటే రాజనర్సయ్య ఇంటి ముందు బూట్లు వరసగా కనిపిస్తాయని, లోపలి నుంచి సమోసాల వాసన వస్తుందని, పొద్దు వాలేదాకా ఉపన్యాసాలు సాగుతాయని మాత్రం తెలుసు. పాట గానీ మద్దెల గానీ ఆ ఇంట్లోంచి ఇంతవరకు ఎవరూ వినలేదు.

"సర్కారు ఫండు ఇస్తదంట లచ్చవ్వా! మీ పటానికి అడుగరాదూ?" అంది ఒకామె, బిందె చంకకు ఎత్తుకుంటూ.

లచ్చవ్వ ఇల్లు పటం కథ చెప్పే ఇల్లు. అమీర్‌పేట నుంచి పంజగుట్ట దాకా మగ్గమున్న ప్రతి వాడలోనూ సాలెల కులకథ చెప్పే హక్కు ఆ ఇంటిదే. వీధికి అడ్డంగా పటం వేలాడదీసి, ఒక్కొక్క బొమ్మకూ కర్ర ఆనించి, మార్కండేయుడు శివలింగాన్ని కరుచుకుని యముడి పాశం నుంచి ఎట్లా బయటపడ్డాడో, అతని వంశంలో పుట్టినవాడు మొదటి బట్ట ఎట్లా నేశాడో చెప్పాలి. పెనిమిటి ఉన్నన్నాళ్లు ఆయన చెప్పాడు. ఆయన పోయాక కొడుకు సాయిలు చెబుతున్నాడు. వెనక నిలబడి వంత పాడేది అప్పుడూ ఇప్పుడూ లచ్చవ్వే.

కిందటి వానాకాలం ఇల్లు కురిసి పటం తడిసింది. యముడికి మీసాలు పోయాయి. దున్నపోతుకు వెనక కాళ్లు పోయాయి. పార్వతి ఉండవలసిన చోట తెల్లటి బట్ట మిగిలింది. సాయిలు ఆ తెల్లటి చోట కర్ర ఆనించి "గిదిగో పార్వతమ్మ" అంటే ముసలివాళ్లు దండం పెడుతున్నారు, పడుచువాళ్లు నవ్వుతున్నారు.

చివరికి కులపెద్ద పెంటయ్య ఇంటికే వచ్చి తేల్చి చెప్పాడు.

"సూడు లచ్చవ్వా, శ్రావణ పున్నానికి కొత్త పటం లేకుంటే జనగామ దిక్కు నుంచి ఇంకో ఇంటోళ్లను పిలుస్త. హక్కు వాళ్లకు పోతది. అటెన్క నన్ను తిట్టొద్దు."

"కొత్తది రాయించుడంటే మాటలా పెంటయ్యా? చేర్యాలల బొమ్మలు రాసే నకాషోళ్లకు ఏమిచ్చి రాయించాలె? జర వాడ సుత సాయం పట్టరాదు?"

"యుద్ధమొచ్చి మగ్గాలకే నూలు దొరుకుతలేదు. వాడ ఏం పడతది?"

అందుకని లచ్చవ్వ కొంగు నిండా కప్పుకుని రాజనర్సయ్య ఇంటికి పోయింది.

రాజనర్సయ్య కూడా సాలె ఇంటి బిడ్డే. తాత ఇదే వాడలో గుంటమగ్గం మీద కూర్చుని నేశాడు. మనవడు సర్కారు దఫ్తర్‌లో కుర్చీ మీద కూర్చుని ఉర్దూ రాస్తున్నాడు. సంఘానికి కార్యదర్శి ఆయన. కళలంటే ఆయనకు ప్రాణం. ఎంత ప్రాణమంటే, వాటి గురించి మాట్లాడటానికే టైము సరిపోక, ఒక్కదాన్నీ చూడలేకపోయాడు.

"ఫండు ఉన్నది అవ్వా, లేదనను. కాని అది సచ్చే కళలకు. నీ కళ సస్తున్నట్టు రుజువుండాలె."

"సగం సచ్చింది అయ్యా. దున్నపోతు ముందట కాళ్ల మీదనే నడుస్తున్నది."

"మొన్న పంజగుట్టల నీ కొడుకు కథ చెప్పిండా?"

"చెప్పిండు."

"మంది వచ్చిన్రా?"

"మస్తు వచ్చిన్రు."

"మరి సచ్చిందెక్కడ? గట్టిగనే ఉన్నది. ఫికర్ చెయ్యకు, పో."

లచ్చవ్వ ఇంటికి వచ్చి ఆలోచించింది. సాయిలును కథకు పోనివ్వలేదు. పిలవడానికి వచ్చినవాళ్లకు పటం బాగాలేదని చెప్పి పంపింది. ఇంట్లో గట్క పలచబడింది. కొన్నాళ్లకు మళ్లీ పోయింది.

"ఇగ చెప్తలేం అయ్యా. బందు వెట్టినం."

రాజనర్సయ్య కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "చెప్తలేరా? అయితే కళే లేకపాయె! లేనిదానికి సర్కారు పైసలెట్లిస్తదే? జర నువ్వే చెప్పు."

ఊపిరి ఆడితే రోగం లేదనీ, ఊపిరి ఆగితే రోగి లేడనీ చెప్పే వైద్యుణ్ణి లచ్చవ్వ తన బతుకులో అదే మొదటిసారి చూసింది. దండం పెట్టి తిరిగి వచ్చింది. మందు ఆయన దగ్గరే ఉందాయె!

ఫాల్గుణంలో రాజనర్సయ్యే ఆమె ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. సర్కారులో కళల లెక్క చూసే నాజిం సాబు వచ్చే శుక్రవారం సంఘాన్ని చూడటానికి వస్తున్నాడట. ఆయనకు చూపించాలంటే సంఘం దగ్గర సమోసాలు తప్ప ఏమీ లేవు. ఆ మాట రాజనర్సయ్య అనలేదు, కానీ ఆయన మొహం మీద రాసి ఉంది. అదొక్కటీ లచ్చవ్వ చదవగలిగింది.

"పటం ఇయ్యవ్వా. నాజిం సాబు సూస్తడు, మంజూరు చేస్తడు, కొత్తది రాయించుకుందువు. నాది జిమ్మా."

కొత్తది ఇంట్లోకి రాకముందు పాతది పరాయి చేతికి ఇవ్వడం వాళ్ల ఇంట్లో లేదు. కానీ శ్రావణం వెనకాలే తరుముకొస్తోంది. లచ్చవ్వ పటం చుట్టను ఒడిలో పెట్టుకుని చెప్పింది.

"ఇస్త అయ్యా. కాని పటమంటే మాకు మనిషి లెక్క, మీ వాడకు తెల్వని ముచ్చట కాదు. ముసలిదైతే గంగల కలుపుతం, దినాలు చేస్తం, పెద్దదినం నాడు వారసునికి, అంటే కొత్త పటానికి, బట్ట కొలుస్తం. దానికి ఇనుము తాకొద్దు. తెగితే పాణం పోయినట్టే. ఎవలింట్ల తెగితే వాళ్లే దినాలు చెయ్యాలె. మీ తాత సుత ఒకపారి గట్ల దినాల బువ్వ వెట్టిండు."

రాజనర్సయ్య ముసిముసిగా నవ్వాడు. "గీ పాత ముచ్చట్లన్ని రాసి పెడత అవ్వా. నాజిం సాబు ఖుషీ అయితడు."

శుక్రవారం తల్లీకొడుకులు పోయేసరికి ఇల్లంతా రంగుకాగితాల తోరణాలు. రాజనర్సయ్య భార్య చిలకమ్మ గుమ్మంలోనే ఎదురొచ్చింది. ఏడ్చి ఏడ్చి కళ్లు వాచి ఉన్నాయి.

"నేను వద్దన్న అవ్వా. కత్తెర దాచిపెట్టిన. దర్జీ కాడికి వొయ్యి తెచ్చుకున్నడు."

పటం పొడుగు వీధంత. రాజనర్సయ్య గోడలు కిటికీలంత. కర్ర చట్రాలు ముందే చేయించాడు కాబట్టి, చట్రాలకు సరిపడా పటాన్నే కోశాడు. ముక్కలన్నీ అద్దాల వెనక మేకులకు వేలాడుతున్నాయి. మార్కండేయుడు ఒక చట్రంలో సగం లింగాన్ని కరుచుకుని ఉన్నాడు. మిగతా సగం తలుపు అవతల ఉంది. కాపాడవలసిన శివుడు ఎదురుగోడ మీద గడియారం పక్కన ఉన్నాడు. యముడు మాత్రం నాజిం సాబు కుర్చీకి సరిగ్గా పైన, చామంతి దండ వేసుకుని ఉన్నాడు.

"ఏం కొలువు పెట్టినవయ్యా!" అన్నాడు సాయిలు, పళ్లు కొరుకుతూ. వాడి చేతిలో కథ కర్ర లేచింది.

లచ్చవ్వ వాడి చెయ్యి పట్టుకుంది. "దించు. సచ్చినకాడ కొట్లాడుతరారా?"

"మరేం చెయ్యాలె?"

"ఏడ్వాలె."

కొప్పు విప్పింది. మార్కండేయుడి చట్రం ముందు కూలబడింది. ముందు కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఆ బొమ్మ మీద పెనిమిటి కర్ర ఆనించే చోట రంగు అరిగి చిన్న గుంట పడి ఉంది. దాని పక్క నుంచే కత్తెర పోయింది. గుంటను వేలితో తాకబోతే అద్దం తగిలింది. అప్పుడు గొంతు తెరిచి ఏడ్చింది. ముప్పై ఏళ్లు వీధి చివరిదాకా వినబడేలా వంత పాడిన గొంతు అది. కాసేపట్లో వాడ ఆడవాళ్లంతా పరుగెత్తుకొచ్చారు, సంగతి చూశారు, వాళ్లూ కొప్పులు విప్పారు. మగ్గాలు ఆగిపోయాయి. డప్పు వచ్చింది. డప్పు వెనక పెంటయ్య వచ్చాడు, ఆయన వెనక మంగలి వచ్చాడు.

"ఓ నా పటమా! ఎనిమిది వాడల కొడుకా! దర్జీ కత్తెర పాలైతివా!"

"అవ్వా, జర ఆపవే! నాజిం సాబు వచ్చే టైమైంది," రాజనర్సయ్య చేతులు జోడించాడు.

పెంటయ్య గోడలన్నీ ఒకసారి కలియజూశాడు. "ఎవలింట్ల తెగింది?"

చిలకమ్మే చెప్పింది, "మా ఇంట్లనే."

"ఎవలు కోసిన్రు?"

చిలకమ్మ మొగుడి వైపు చూసింది. కులమంతా ఆమె చూసిన వైపే చూసింది.

"కూసో రాజనర్సయ్యా. మీసం తీయాలె. పెద్దదినం దాక నువ్వే కర్తవు."

"నేనా? సర్కారు నౌకరిని, కార్యదర్శిని! గిది కళ పెంటయ్యా, మనిషి కాదు!"

"కూసోకుంటే కూసోకు. రేప్పొద్దున నీ ఇంట్ల పీనుగ లేస్తే మోయనీకి దఫ్తరోళ్లను పిలుచుకో. మేం రాం."

రాజనర్సయ్యకు దఫ్తర్‌వాళ్ల సంగతి బాగా తెలుసు. ఒక అర్జీని ఒక బల్ల మీద నుంచి ఇంకో బల్ల మీదికి మోయడానికే వాళ్లకు నెల పడుతుంది. ఆయన కూర్చున్నాడు. మంగలి నీళ్లు చల్లాడు. మీసం ఒకవైపు పోయింది.

ఆ క్షణాన్నే వాకిట్లో మోటారు ఆగింది.

షేర్వానీ వేసుకున్న నాజిం సాబు గుమ్మంలో నిలబడి చూశాడు. విరబోసుకున్న జుట్లు, డప్పు, గుండెలు బాదుకునే చేతులు, నడుమ నీళ్లోడుతున్న మొహంతో కార్యదర్శి. ఎన్నో సంఘాలు చూసిన మనిషి. ప్రతిచోటా హార్మోనియం, బడిపిల్లల పాట, గంటసేపు ఉపన్యాసం. ఇట్లాంటిది ఎక్కడా చూడలేదు. వేళ్ల మీద నడుచుకుంటూ పోయి యముడి కింద కూర్చున్నాడు.

"హుజూర్, ఇది ప్రోగ్రాం కాదు..." అని రాజనర్సయ్య లేవబోయాడు.

"ఖామోష్!" అన్నాడు నాజిం సాబు, తాళం తప్పకుండా మోకాలు కొట్టుకుంటూ. "వేషంలో ఉండి మాట్లాడొద్దు."

మంగలి రెండోవైపు కూడా తీసేశాడు.

లచ్చవ్వ ఒక్కొక్క బొమ్మనూ పేరు పెట్టి పిలిచి ఏడుస్తోంది. శివుడి దగ్గరికి వచ్చేసరికి నాజిం సాబు జేబురుమాలు తీసి కళ్లు ఒత్తుకున్నాడు. "వాహ్ వా! కార్యదర్శే మీసం తీయించుకుని వేషం కట్టాడంటే, సంఘమంటే ఇది! ఈ కళ పేరేమిటి?"

రాజనర్సయ్య కులం వైపు చూశాడు, సర్కారు వైపు చూశాడు. గొంతు సవరించుకున్నాడు.

"శోకనాటకం, హుజూర్. మా సంఘమే తయారు చేయించింది."

నాజిం సాబు మంజూరు అక్కడికక్కడే రాసిచ్చి, సమోసా తిని, మోటారెక్కాడు.

మోటారు పొగ చెదరకముందే పెంటయ్య చట్రాలన్నీ దింపించాడు. అద్దాలు ఊడదీశారు. ముక్కలను కొత్త గుడ్డలో చుట్టి డప్పుతో మూసీకి తీసుకుపోయారు. ముందు రాజనర్సయ్య కుండ పట్టుకుని నడిచాడు. మంజూరైన సొమ్ముకు రెండే దారులున్నాయి, సంఘం ఉపన్యాసాలు ఒకటి, కర్త పెట్టవలసిన దినాలు ఒకటి. ఎవరింట్లో తెగిందో వాడంతా చూసింది కాబట్టి మొదటి దారి మూసుకుపోయింది. పెద్దదినం నాడు రాజనర్సయ్య వాడంతటికీ బువ్వ పెట్టాడు. వారసుడికి బట్ట కొలిచి, సాయిలును బండి మీద చేర్యాలకు పంపాడు. ఆ ఏడు సంఘం చేసిన ఖర్చులో కళకు చేరింది అదొక్కటే. సభ్యులు మాత్రం సమోసాలు తగ్గాయని గొణిగారు.

శ్రావణ పున్నమి నాడు పంజగుట్ట వాడలో కొత్త పటం వేలాడింది. ఎర్రరంగు ఇంకా పచ్చివాసన వేస్తోంది. పార్వతి వచ్చింది, దున్నపోతు నాలుగు కాళ్ల మీద నిలబడింది. పెంటయ్య కొబ్బరికాయ కొట్టి, కులమంతా వినేటట్టు, "హక్కు లచ్చవ్వ ఇంటిదే, జనగామ ముచ్చట ఇగ లేదు" అన్నాడు. లచ్చవ్వ కొంగుతో మొహం తుడుచుకుని వెనక్కి పోయి తన చోట నిలబడింది.

అప్పుడు జనాన్ని తోసుకుంటూ రాజనర్సయ్య వచ్చాడు. వంగి, మెల్లగా మాట్లాడాడు.

"అవ్వా, నాజిం సాబు మళ్ల యాది చేసిండు. షహర్‌ల పెద్ద హాలంట, దివాణపు దొరలు సుత వస్తరంట. గా శోకనాటకం మళ్ల పెట్టాలంట. ఈసారి ఫండు ఇంకా మస్తు ఉన్నది."

"కథ చెప్తం అయ్యా. కొత్త పటం తీస్కొని వస్తం."

"కథ వద్దంటున్నరే. ఏడుపే కావాల్నంట."

సాయిలు కర్ర పట్టుకుని తల్లి సైగ కోసం చూస్తున్నాడు. లచ్చవ్వ పటం వైపు ఒకసారి చూసింది, రాజనర్సయ్య చేతుల వైపు ఒకసారి చూసింది.

"ఏడ్వమంటే ఏడుస్తం అయ్యా, మాకేం పోయింది? వాడంత కదిలొస్తం. గీసారి ఏం కోస్తవో, గది చెప్పు ముందుగాల."

రాజనర్సయ్య చేతులు కోటు జేబుల్లో పెట్టుకున్నాడు. లచ్చవ్వ సాయిలుకు తల ఊపింది. సాయిలు మొదటి బొమ్మకు కర్ర ఆనించాడు, ఆమె వంత అందుకుంది.